పురిటింటికి వచ్చే ఆరోగ్య సేవలు: ఎవరిని అడగాలి, ఏం సరిచూసుకోవాలి

బిడ్డ పుట్టాక మొదటి ఆరు వారాల్లో ఆశా కార్యకర్త ఇంటికి ఆరుసార్లు రావాలి. ఆ తర్వాత పదిహేనో నెల నిండేలోపు ఇంకో ఐదుసార్లు. దీనికి ఇంటివాళ్లు పెట్టాల్సిన ఖర్చు ఒక్క రూపాయి లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఈ విజిట్లు జారిపోవడానికి ఆశాల బద్ధకం కంటే పెద్ద కారణం మన ఆనవాయితీలోనే ఉంది. ఆశా సేవ నడిచేది చిరునామాను బట్టి. మన ఆడపిల్లలు చిరునామా మారేది సరిగ్గా కాన్పు వేళకే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వస్తారు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక అత్తింటికి వెళతారు. గర్భిణిగా పేరు ఎక్కింది ఒక ఊళ్లో, బిడ్డ పెరుగుతున్నది ఇంకో ఊళ్లో. అక్కడి రిజిస్టర్లో "పుట్టింటికి వెళ్లింది" అని ఉంటుంది, ఇక్కడి రిజిస్టర్లో అసలు పేరే ఉండదు.

కాబట్టి వాకబు చిరునామాతో మొదలుపెట్టండి.

ముందు తేదీలు, ఇళ్లు రాసుకోండి

ఆసుపత్రిలో మామూలు కాన్పు అయితే ఆశా రావాల్సిన రోజులు: 3, 7, 14, 21, 28, 42. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజుతో కలిపి ఏడు విజిట్లు. సిజేరియన్ అయితే మూడో రోజుకు తల్లీబిడ్డా ఇంకా ఆసుపత్రిలోనే ఉంటారు కాబట్టి ఏడో రోజు నుంచి లెక్క మొదలవుతుంది, ఐదు విజిట్లు. ఈ మొదటి విడతను ఆశాలు, ఏఎన్‌ఎంలు (ప్రభుత్వ నర్సమ్మలు) హెచ్‌బీఎన్‌సీ, అంటే ఇంటి దగ్గర నవజాత శిశువు సంరక్షణ, అంటారు. 2011 నుంచి నడుస్తోంది. రెండో విడత హెచ్‌బీవైసీ, అంటే ఇంటి దగ్గర చిన్నబిడ్డ సంరక్షణ. 2018లో వచ్చింది. 3, 6, 9, 12, 15 నెలలప్పుడు వస్తారు. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఈ పొట్టి పేర్లే వాడండి, అవతలివాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఒక కాగితం మీద ఎడమవైపు తేదీలు, కుడివైపు ఆ తేదీకి బిడ్డ ఏ ఇంట్లో ఉంటుందో రాయండి. జూన్ 10న కాన్పు అనుకుందాం. నలభై రెండో రోజు జూలై మూడో వారం చివర్లో పడుతుంది, మూడు నెలల విజిట్ సెప్టెంబర్ 10 ప్రాంతంలో. ఐదో నెలలో, అంటే అక్టోబర్ చివర్లో, సారె పెట్టి పంపుతారనుకుంటే మొదటి ఏడు విజిట్లు పుట్టింటి ఆశావి, మిగతా నాలుగు అత్తింటి ఆశావి. ఇద్దరికీ ఈ సంగతి ముందే తెలియాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకునే జంటకైతే మూడో చిరునామా కూడా ఉంటుంది, అదీ రాయండి.

ఆ కాగితం మీదే ఇంకో చిక్కు కూడా కనిపిస్తుంది. మూడో రోజు, ఏడో రోజు విజిట్లు పురుడు లోపలే పడతాయి. "పదకొండో రోజు స్నానం అయ్యాక రామ్మా" అని గుమ్మంలోంచే పంపేస్తే పోయేవి ఆ రెండే. నవజాత శిశువుల మరణాల్లో ఎక్కువ భాగం మొదటి వారంలోనే జరుగుతాయి కాబట్టి ఆ రెండిటికీ ఉన్న విలువ మిగతా నాలుగిటికీ లేదు. ఇంట్లో పెద్దవాళ్లతో తొమ్మిదో నెలలోనే మాట్లాడి పెట్టుకోండి. పట్టింపు గట్టిగా ఉన్న ఇంట్లో ఆశా నేరుగా పురిటి గదిలోకే వెళ్లి చూసి వచ్చేలా ఏర్పాటు చేసుకుంటే గొడవ ఉండదు.

మీ వీధి ఎవరి కిందికి వస్తుంది?

పల్లెలో దాదాపు వెయ్యిమంది జనాభాకు ఒక ఆశా. పెద్ద ఊరైతే నలుగురైదుగురు ఉంటారు, వీధులు పంచుకుని పనిచేస్తారు. దగ్గరి దారి అంగన్‌వాడీ కేంద్రం. టీచరమ్మను గానీ ఆయాను గానీ అడిగితే మీ వీధి ఆశా ఎవరో పేరుతో సహా చెబుతారు. వాళ్లు ముగ్గురూ కలిసి పనిచేసేవాళ్లే. రెండో దారి సబ్‌సెంటర్, అంటే ఆరోగ్య ఉపకేంద్రం. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, ఏజెన్సీలో 3,000 మందికి ఒకటి చొప్పున ఉంటుంది, అక్కడ ఏఎన్‌ఎం దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయానికీ ఒక ఏఎన్‌ఎం ఉన్నారు.

పట్నంలో కథ వేరు. పట్టణ ఆశాలను ప్రధానంగా బస్తీల కోసం పెట్టారు. అపార్ట్‌మెంట్లలో, గేటెడ్ కాలనీల్లో ఉండేవాళ్లు చాలాసార్లు ఎవరి లిస్టులోనూ ఉండరు. వాచ్‌మన్ "ఎవరూ లేరమ్మా" అని సర్వేకు వచ్చినవాళ్లను వెనక్కి పంపేయడం ఇందులో కొంత. పట్టణ ఆరోగ్య కేంద్రం సుమారు 50,000 జనాభాకు ఒకటి ఉంటుంది. మీది ఏదో కనుక్కుని నేరుగా వెళ్లి "మా కాలనీ ఏ ఏఎన్‌ఎం ఏరియా?" అని అడగాలి. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానా దగ్గర్లో ఉంటే అక్కడి స్టాఫ్‌కు తెలుస్తుంది. ఏమీ దొరకకపోతే 104కు ఫోన్ చేసి ఊరు, మండలం చెప్పి ఏ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) కిందికి వస్తుందో అడగండి.

దొరికిన మనిషిని "మీరు ఇంటికొస్తారా?" అని అడిగితే "వస్తామండీ" అనే జవాబే వస్తుంది, దాని వల్ల మీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఇలా అడిగితే పని జరుగుతుంది:

"సిస్టరమ్మా, మాది రామాలయం వీధి. మా అమ్మాయి కాన్పుకొచ్చింది, వచ్చే నెల పదో తారీకు ఇచ్చారు. పేరు వాళ్ల అత్తగారి ఊళ్లో రాశారు, కార్డు ఇక్కడే ఉంది. ఐదో నెల దాకా ఇక్కడే ఉంటుంది. మా వీధి ఆశా ఎవరండీ? ఆమె రిజిస్టర్లో ఎక్కించడానికి మీకేం కావాలి?"

సిస్టర్ అడిగేవి సాధారణంగా తల్లీబిడ్డల కార్డు, దాని మీది ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణిగా పేరు రాసినప్పుడు ఇచ్చేది), ఆధార్, పనిచేసే ఫోన్ నంబరు. ఇక్కడ ఒక జాగ్రత్త. తొందరలో కొత్త గర్భిణిగా మళ్లీ పేరు రాయించి రెండో నంబరు తీసుకోవద్దు. రెండు నంబర్లుంటే టీకాలు సగం ఒకచోట, సగం ఇంకోచోట నమోదై, రెండు చోట్లా బిడ్డ "టీకాలు పూర్తికాని" లిస్టులో మిగిలిపోతుంది. పాత నంబరు మీదే ఇక్కడ సేవలు నమోదు చేయమని అడగండి. ఫోన్ నంబరు విషయంలోనూ అంతే. కార్డు మీద అల్లుడి నంబరుంటే ఆశా ఫోన్ హైదరాబాద్ ఆఫీసులో మోగుతుంది. పురిటింట్లో ఎత్తేవాళ్ల నంబరు రాయించాలి, అంటే అమ్మమ్మదో మేనమామదో.

ఆసుపత్రి నుంచి తేవాల్సిన కాగితం

ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే కబురు ఎలాగో ఒకలా ఆశాకు చేరుతుంది, చాలాసార్లు కాన్పుకు తోడు వెళ్లేదే ఆమె కాబట్టి. ప్రైవేటులో అయితే చేరుతుందని నమ్మకం లేదు. ఇంటికి బయల్దేరే రోజు మీరే ఫోన్ చేసి "ఫలానా రోజు పుట్టింది, ఇంత బరువు, ఇవాళ ఇంటికొస్తున్నాం" అని చెప్పాలి.

డిశ్చార్జి కాగితం చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. పుట్టిన బరువు గ్రాముల్లో ఉందా? ఎన్ని వారాలకు పుట్టిందో ఉందా? బీసీజీ, పోలియో జీరో డోసు, హెపటైటిస్-బి (ఇది 24 గంటల్లోపు వేయాలి) తేదీలతో సహా రాశారా? విటమిన్-కె ఇంజెక్షన్ ఇచ్చినట్టు ఉందా? వినికిడి పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేసుంటే ఫలితం, కామెర్ల పరీక్ష చేసుంటే ఆ అంకె. "టీకాలు వేశాం" అని నోటితో చెప్పి కాగితం మీద రాయకపోతే నెలన్నర టీకాల రోజున ఏఎన్‌ఎం ఏం నమ్మాలో తెలియక అవస్థ పడుతుంది. కార్డులో కూడా ఆ తేదీలు ఎక్కించమనండి. జనన నమోదు 21 రోజుల్లోపు అయితే చిక్కులుండవు, దాని కాగితం కూడా అప్పుడే అడిగి పెట్టుకోండి.

బిడ్డ ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బు చేసిన పసికందుల ప్రత్యేక వార్డులో) ఉండి వస్తే డిశ్చార్జి అయిన 24 గంటల్లోనే ఆశా మొదటి విజిట్ జరగాలి. ఈ విషయం ఆమెకు మీరే గుర్తుచేయండి. 2.5 కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకూ ఇదే శ్రద్ధ కావాలి. ఇంటికొచ్చేముందు కంగారూ పద్ధతిలో, అంటే గుండెల మీద చర్మానికి చర్మం ఆనించి, బిడ్డను పట్టుకోవడం తల్లికీ అమ్మమ్మకూ నర్సు చేతే ఒకసారి చేయించి చూపించుకోండి. తండ్రి కూడా చేయొచ్చు.

సరైన విజిట్ ఎలా ఉంటుంది

అరగంట పడుతుంది. ఐదు నిమిషాల్లో వెళ్లిపోతే అది విజిట్ కాదు, పలకరింపు. ఆశా రాగానే చేసే మొదటి పని సబ్బుతో చేతులు కడుక్కోవడం. మీ వంతుగా సబ్బు, నీళ్లు, శుభ్రమైన తుండు సిద్ధంగా ఉంచండి. తర్వాత తల్లిని అడుగుతారు: రక్తస్రావం ఎలా ఉంది, జ్వరముందా, రొమ్ము గట్టిపడిందా, రోజుకు ఎన్నిసార్లు పాలిస్తున్నావు. ఆ పైన పాలిస్తుండగా పక్కన కూర్చుని చూస్తారు. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనిందా, నోరు పెద్దగా తెరిచి నల్లని భాగం కూడా పట్టిందా అని.

జ్వరం చంకలో థర్మామీటర్ పెట్టి చూస్తారు. 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, 95.9కి తగ్గినా ఆసుపత్రికే. చల్లబడటం కూడా జ్వరమంత ప్రమాదమేనని చాలా ఇళ్లలో తెలియదు. "ఒళ్లు చల్లగా ఉంది, జ్వరం లేదు" అని నిమ్మళించేస్తారు.

తూకం దగ్గర కొంచెం ఆగి చూడండి, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. బిడ్డను జోలెలో వేసి స్ప్రింగు తూకానికి తగిలిస్తారు. ముందు ఖాళీ జోలె తగిలించి ముల్లును సున్నాకు తేవాలి. అది చేయకపోతే జోలె బరువు బిడ్డ ఖాతాలో పడుతుంది. బిడ్డ ఒంటి మీద స్వెట్టరు, డైపరు ఉండకూడదు. తడిసిన డైపరు ఒక్కటే వంద గ్రాములు దాటొచ్చు, అది నాలుగు రోజుల పెరుగుదలతో సమానం. ముల్లు ఊగుతున్నప్పుడు చదవకూడదు, కంటికి సమానమైన ఎత్తులో పెట్టి చదవాలి.

వచ్చిన అంకెను ఎలా అర్థం చేసుకోవాలి? మొదటి కొన్ని రోజుల్లో బిడ్డ బరువు కొంచెం తగ్గడం మామూలే. పుట్టిన బరువులో పదో వంతు దాకా తగ్గొచ్చు. రెండు వారాలకు మళ్లీ పుట్టిన బరువుకు రావాలి. అక్కణ్నుంచి రోజుకు 20–30 గ్రాములు. అంటే 2,800 గ్రాములతో పుట్టిన బిడ్డ ఏడో రోజు 2,650 ఉంటే కంగారు లేదు, పద్నాలుగో రోజుకు 2,800 చేరాలి, ఇరవై ఎనిమిదో రోజుకు 3,100–3,200 మధ్య ఉండాలి. పద్నాలుగో రోజు కూడా 2,650 దగ్గరే ఉంటే డబ్బా పాలు మొదలుపెట్టే ముందు పాలు పట్టే తీరును చూపించుకోండి. తూకం మారితే అంకె కూడా మారుతుంది. ఆసుపత్రి ఎలక్ట్రానిక్ తూకం, ఆశా స్ప్రింగు తూకం వంద గ్రాముల దాకా తేడా చూపిస్తే ఆశ్చర్యపోవద్దు, ఒకే తూకం మీద వరుసగా వచ్చిన అంకెలనే పోల్చండి.

ఊపిరి లెక్క బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట ఎగసిపడటం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం పసిబిడ్డకు పనికిరాదు. ఎందుకంటే వాళ్లు గబగబా కాసేపు పీల్చి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ పీలుస్తారు. నిమిషానికి 60 లేదా అంతకు మించి వస్తే ఇంకోసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే వస్తే ఆసుపత్రికి.

బొడ్డు, కళ్లు, చర్మం కూడా చూస్తారు. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏమీ రాయొద్దంటారు. పొడిగా వదిలేస్తే ఒకటి రెండు వారాల్లో అదే రాలిపోతుంది. వస అరగదీసి నాకించడం, ముక్కులో ఆముదం చుక్కలు, తేనె, ఎండాకాలం కదా అని కాచి చల్లార్చిన నీళ్లు – ఇవన్నీ వద్దనే చెబుతారు, మే నెల నడి ఎండలోనైనా ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు. సాంబ్రాణి పొగ మూసిన గదిలో పడితే ఆయాసం వస్తుంది. ఈ మాటలు ఇంటి కోడలు చెబితే తగువవుతుంది, ఆశా చెబితే పెద్దావిడ వింటుంది. కాబట్టి విజిట్ వేళకు అత్తగారినో అమ్మమ్మనో తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ ఒక్క ఏర్పాటు సగం పని చేసేస్తుంది.

ఒక్కోసారి విజిట్ జరగకుండానే ఫారం నిండిపోతుంది. ఫోన్లో "బాగున్నారా" అని అడిగి మూడు విజిట్లు కలిపి రాసేయడం, ముందు సంతకం పెట్టించుకోవడం. పోట్లాడితే ఆ ఊళ్లో మరుసటి ఏడాది ముఖం చూడాల్సింది ఆమెనే. "తూకం వేశాక పెడతానమ్మా" అంటే చాలు. సర్వేలు, మీటింగులు, టీకాల రోజులు – ఆశా నెత్తిన పని తక్కువేమీ లేదు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి "రేపు ఇరవై ఒకటో రోజు అక్కా, ఏ వేళకొస్తారు?" అని అడిగే ఇంటికి రావడం ఆమెకూ తేలిక. అయినా రాకపోతే ఏఎన్‌ఎంకు, అక్కడా కదలకపోతే పీహెచ్‌సీ డాక్టరుకు, ఆ పైన జిల్లా వైద్యాధికారి ఆఫీసుకు చెప్పొచ్చు. రావాల్సిన తేదీ, వచ్చిన తేదీ రాసుకున్న ఆ కాగితమే అప్పుడు మీ సాక్ష్యం.

ఇంకో అపోహ. ఆశా ఇంటికొచ్చి టీకా వేయరు. టీకా వేసేది ఏఎన్‌ఎం, సబ్‌సెంటర్లోనో అంగన్‌వాడీలోనో, ఎక్కువగా బుధ, శనివారాల్లో. ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు, తొమ్మిది నెలలు నిండాక, మళ్లీ 16–24 నెలల మధ్య తీసుకెళ్లాలి. ఆశా పని ఆ తేదీ గుర్తుచేయడం, వేశాక జ్వరమొస్తే చూడటం.

మూడో నెల దాటాక

ఇక్కడ విజిట్లు పలచబడతాయి, చాలా ఇళ్లు మరిచిపోతాయి కూడా. ఆరో నెల విజిట్ మాత్రం వదులుకోవద్దు. అన్నం ఎప్పుడు, ఎంత, ఎంత చిక్కగా మొదలుపెట్టాలో చెప్పేది అప్పుడే. పలచని పప్పుకట్టు కాదు, చెంచా వంచితే జారిపోనంత చిక్కగా మెత్తగా మెదిపిన పప్పన్నం, పైన ఒక చుక్క నెయ్యో నూనో. ఐరన్ సిరప్ కూడా ఆరు నెలల నుంచే, వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. మలం నల్లగా వస్తుంది, దానికి భయపడి ఆపేయొద్దు. తొమ్మిదో నెలలో విటమిన్-ఎ మొదటి డోసు. ఇంట్లో ఒక ఓఆర్ఎస్ పొట్లం ఇచ్చి వెళతారు. పొట్లం మొత్తాన్ని లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకు చిటికెడు చొప్పున కాదు.

నెలనెలా తూకం అంగన్‌వాడీలో. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా బాలామృతం అక్కడే ఇస్తారు. బిడ్డ మెడ నిలపడం, కూర్చోవడం, పిలిస్తే తిరగడం ఆలస్యమవుతోందనిపిస్తే "పెద్దయితే వస్తుందిలే" అని ఆగకుండా ఆర్‌బీఎస్‌కే బృందం (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ బృందం) అంగన్‌వాడీకి ఎప్పుడొస్తుందో అడగండి. ఏడాదికి రెండుసార్లు వస్తారు. అవసరమైతే వాళ్లే జిల్లాలోని డీఈఐసీకి (ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చూసే కేంద్రానికి) రాసిస్తారు, అక్కడ పరీక్షలు, థెరపీ ఉచితం.

డబ్బు కట్టి పిలిపించుకునే సేవలు

పట్నాల్లో "హోమ్ కేర్" పేరు మీద ఐదారు రకాల మనుషులు ఇంటికొస్తారు. ముందు ఏ రకం కావాలో తేల్చుకోకపోతే ఆయా పనికి నర్సు జీతం కడతారు, లేదా నర్సు చేయాల్సిన పనిని ఆయా చేతిలో పెడతారు. రెండోది ప్రమాదం.

బిడ్డకు స్నానం, నలుగు, గుడ్డలు, తల్లికి వేడినీళ్లు – దీనికి అలవాటున్న మనిషి చాలు. నర్సు అక్కర్లేదు. ఆమెలో చూడాల్సింది చేతుల శుభ్రత, గోళ్లు, దగ్గు. నలుగు పెట్టేటప్పుడు బిడ్డ ముక్కు పట్టి లాగడం, చనుమొనలు పిండడం, చెవిలో నూనె పోయడం చేస్తుందా అని మొదటి రోజే పక్కన నిలబడి గమనించండి.

ఇంజెక్షన్, గొట్టంతో పాలు పట్టడం, నెలలు నిండని బిడ్డ ఆక్సిజన్ చూసుకోవడం ఉంటే రిజిస్టరైన నర్సే రావాలి. ఏఎన్‌ఎం రెండేళ్ల కోర్సు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. "నర్సింగ్ చేసింది" అన్న మాట ఈ మూడిటికీ, ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుకూ కూడా వాడేస్తుంటారు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, దాని మీది పేరు, ఫొటో ఆధార్‌తో సరిచూడండి, గడువు తేదీ చూడండి. నవజాత శిశువుల వార్డులో ఎన్ని నెలలు పనిచేసిందో కూడా అడగాలి. ముసలివాళ్లను చూసుకునే నర్సుకూ పసిబిడ్డను చూసుకునే నర్సుకూ చాలా తేడా ఉంది.

స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ అయితే పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, ఇచ్చే సీఆర్ఆర్ నంబరు ఉండాలి.

ఇంటికొచ్చి టీకా వేసేవాళ్లను పిలిస్తే పెట్టె తెరవగానే లోపల ఉష్ణోగ్రత చూపించమనండి, 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. సంచిలో ఐసుముక్కల మధ్య తెచ్చింది కూడా ప్రమాదమే, గడ్డకట్టిన పెంటావేలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) పనిచేయదు. సీసా మీద పేరు, బ్యాచ్ నంబరు, గడువు మీ కార్డులో రాయించండి. వేశాక అరగంట ఉండి వెళ్లాలి. "ఇంకో అపాయింట్‌మెంట్ ఉంది" అని పరిగెత్తేవాళ్లయితే రెండోసారి వద్దు.

కామెర్లకు లైట్ యంత్రం అద్దెకిచ్చేవాళ్లున్నారు. పిల్లల డాక్టరు అంకె చూసి రాసిస్తే, మళ్లీ ఎప్పుడు రక్తపరీక్ష చేయాలో కూడా రాస్తేనే తీసుకోండి. యంత్రం తెచ్చి, పరీక్ష మానేస్తే కళ్లకు కట్టిన గంతలు తప్ప ఏమీ మిగలదు. ఎండలో పడుకోబెట్టడం దీనికి బదులు కాదు.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు ధర చివర అడగండి. ముందు అడగాల్సినవి: వచ్చే మనిషి పేరు ఒకరోజు ముందు చెబుతారా, మనిషి మారితే ఎన్ని గంటల్లో ఇంకొకరిని పంపుతారు, పోలీసు వెరిఫికేషన్ కాగితం ఎవరి దగ్గరుంది, రాత్రి బిడ్డకు ఏమైనా అయితే ఫోనెత్తే డాక్టరు ఎవరు. 12 గంటల డ్యూటీయా 24 గంటలదా, 24 గంటలదైతే ఆమె పడుకునే వేళ ఎప్పుడు, భోజనం ఎవరిది, నెలలో సెలవులెన్ని, మధ్యలో ఆపేస్తే అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారు – ఇవన్నీ వాట్సాప్‌లోనైనా రాతలో తీసుకోండి. ఎక్కువ గొడవలు వచ్చేది ఫొటోలో ఒకరిని చూపించి ఇంకొకరిని పంపడం దగ్గర. కౌన్సిల్ నంబరు ముందే తీసుకుంటే గుమ్మం దగ్గరే పట్టుకోవచ్చు. ఇంట్లో ఒక కాగితం అంటించండి: డాక్టరు రాయని మందు చుక్క కూడా వేయకూడదు, సీసాతో పాలు పట్టకూడదు, గ్రైప్ వాటర్ వద్దు, బిడ్డను బోర్లా పడుకోబెట్టకూడదు. రాత్రి డ్యూటీలో ఏడుపు ఆపడానికి జలుబు సిరప్ వేసే అలవాటు కొందరికి ఉంటుంది, అది బిడ్డ ఊపిరికే ముప్పు. మందుల డబ్బా మీ గదిలో పెట్టుకోండి.

కూతురి కాన్పుకు ఇంగ్లండ్ వెళ్లే అమ్మమ్మలకు ఒక మాట. అక్కడ హెల్త్ విజిటర్ అని నర్సు లేదా మిడ్‌వైఫ్ శిక్షణ ఉన్న మనిషే ఉంటుంది. కాన్పుకు ముందు, 10–14 రోజులకు, 6–8 వారాలకు, ఏడాదికి, రెండు రెండున్నరేళ్లకు – ఐదుసార్లు చూస్తుంది, ఉచితమే. అమెరికాలో అందరికీ ఇలా లేదు. ఆదాయాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది, కొన్నిటిలో 28 వారాల గర్భం లోపే చేరాలి. కాబట్టి అక్కడ ఐదో నెలకే కౌంటీ ఆరోగ్య శాఖను అడగాలి.

ఎవరి రాక కోసమూ ఆగకూడని వేళ

బిడ్డ పాలు తాగడం మానేసినా, లేపినా కళ్లు తెరవకుండా వాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, డొక్కలు ఎగరేస్తున్నా, పైన చెప్పిన జ్వరం, చల్లబాటు, ఊపిరి అంకెలు దాటినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారినా, మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, ఎప్పుడైనా అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డను తల్లి గుండెలకు ఆనించి, తలకు టోపీ పెట్టి తీసుకెళ్లండి. ఆశాకు ఆ తర్వాత చెప్పొచ్చు.

అత్తింటికి పంపే వారం

సారె సర్దే హడావుడిలో ఈ పని మరుగున పడుతుంది. బయల్దేరే వారంలో పుట్టింటి ఆశాతో చివరిసారి తూకం వేయించి కార్డులో తేదీతో రాయించండి. వేసిన టీకాలన్నీ కార్డులో ఉన్నాయో లేదో ఏఎన్‌ఎం చేత సరిచూయించండి. కార్డు రెండువైపులా ఫొటో తీసి అల్లుడికి, వియ్యపురాలికి పంపండి. పుట్టింటి ఆశాను అడిగి అత్తింటి ఆశాతో ఒకసారి ఫోన్లో మాట్లాడించండి, రెండు నిమిషాల పని. కార్డును మాత్రం పెట్టెలో అడుగున వేయకుండా తల్లి చేతిసంచిలో పెట్టండి. వెళ్లిన వారంలోనే అక్కడి అంగన్‌వాడీలో బిడ్డ పేరు రాయించి, అక్కడి తూకం మీద కొత్త అంకె తీసుకోండి. ఇక నుంచి పోల్చాల్సింది దానితోనే.